అంచు రాయిని ఆఖరున తియ్యాలి

సిగ్నళ్లు పీకెయ్యండి, జీబ్రా గీతలు చెరిపెయ్యండి, ఫుట్‌పాత్‌ని రోడ్డుతో కలిపి చదును చెయ్యండి, అప్పుడు ఎవరి జాగ్రత్తలో వాళ్లుంటారు. వీధుల మాట వచ్చినప్పుడల్లా ఈ వాదన ఎవరో ఒకరు తెస్తారు. వెంట ఒక వీడియో కూడా ఉంటుంది. రాతి పలకలు పరిచిన వీధి, నత్తనడకన వచ్చే కారు, దాని ముందు నుంచి ఫోన్ చూసుకుంటూ దాటిపోయే కుర్రాడు. ‘చూశారా, గీత లేకపోతే ఎంత మర్యాదో!’ అంటారు.

ఇందులో సగం నిజం ఉంది. గీతలూ బోర్డులూ ఎక్కువైన కొద్దీ డ్రైవరు మనుషుల్ని చూడడం మానేసి బోర్డుల్ని చూస్తాడు. పచ్చ దీపం పడితే దారంతా తన సొత్తనుకుంటాడు. పేచీ మిగతా సగంతోనే. అలాంటి వీధులు చాలావాటికి అటు చివర బండి పోయే దారి ఉండదు. అక్కడ పని ఉన్న బండే లోపలికి వస్తుంది. వచ్చినదానికి ఎదురుగా యాభై మీటర్లకు మించి తిన్నగా దారి కనిపించదు. కారు మెల్లగా నడిచేది అందుకు. రాయి చదును చెయ్యడం ఈ రెండూ కుదిరాక జరిగిన పని. కెమెరాకు దొరికేది అదొక్కటే కాబట్టి చూసినవాళ్లు దాన్నే మందనుకుంటారు.

మనుషులూ బండ్లూ కలిసి వాడుకునే వీధి కట్టేటప్పుడు పనుల వరస తప్పకూడదన్నది నా వాదన. మొదట బండ్ల సంఖ్య తగ్గించాలి. తరవాత వేగం. ఆ తరవాత చూపు లేనివాళ్లకు ఆనవాళ్లు. ఇవి మూడూ కుదిరిన చోట, ఇంకా అక్కర ఉందనిపిస్తే, ఫుట్‌పాత్ అంచు రాయి తియ్యవచ్చు. ముందే తీసేస్తే నడిచేవాడికి ఉన్న ఒక్క ఆసరా పోతుంది, బండివాడికి వెడల్పు కలిసొస్తుంది.

వెనక్కి నడిచిన ఇంజినీరు

ఈ ఆలోచనకు అంత పేరు తెచ్చినవాడు హాన్స్ మోండర్‌మన్. నెదర్లాండ్స్‌లోని ఫ్రీస్‌లాండ్ ప్రాంతపు ట్రాఫిక్ ఇంజినీరు, 2008లో పోయాడు. డ్రాఖ్టెన్ అనే ఊళ్లో లావైప్లైన్ కూడలిలో సిగ్నళ్లు తీయించాడు. చూడడానికి వచ్చిన విలేకరులతో మాట్లాడుతూ మాట్లాడుతూ, తల తిప్పకుండా, వీపు బండ్ల వైపు పెట్టి రోడ్డులోకి వెనక్కి నడిచేవాడు. బండ్లు ఆగేవి, లేదా పక్కనుంచి పోయేవి. వంద నివేదికలు చెయ్యలేని పని ఆ ఒక్క దృశ్యం చేసింది.

కానీ ఆ కూడలి పటం ముందేసుకుని చూడండి. అది గుండ్రంగా తిరిగి పోవాల్సిన రౌండెబౌట్. ఏ బండైనా వంపు తిరగక తప్పదు, వంపే వేగాన్ని తుంచుతుంది. చేరే దారుల మీద నడిచేవాళ్లకూ సైకిళ్లకూ దాటే చోట్లు విడిగా ఉన్నాయి. ‘ఏ గీతా లేదు’ అన్నది కథలో మాత్రమే.

రెండో సంగతి నాకు ఇంకా ముఖ్యం. కూడలి మార్చాక అక్కడ ప్రమాదాలు తగ్గాయి, ఎదురుచూపు తగ్గింది. అదే సమయంలో జనాన్ని అడిగితే మునుపటికన్నా భయంగా ఉందన్నారు. మోండర్‌మన్ దీన్ని మంచికే అనుకున్నాడు. భయం ఉంటే ఒళ్లు దగ్గర పెట్టుకుంటారని ఆయన లెక్క. ముప్పయ్యేళ్ల మనిషికి అది సరిపోతుంది. ఎనభయ్యేళ్ల మనిషి భయపడితే చూసి నడవడు, ఇల్లు కదలడు. రాని మనిషికి ప్రమాదం జరగదు, లెక్కలో వీధి క్షేమంగా కనిపిస్తుంది. ఈ చిక్కు మళ్లీ చివర్లో వస్తుంది.

దీనికన్నా పాతదీ, నా దృష్టిలో గట్టిదీ వూనెర్ఫ్. నెదర్లాండ్స్‌లోనే డెల్ఫ్ట్ ఊళ్లో మొదలై, 1976లో చట్టంలోకి ఎక్కింది. ‘ఎర్ఫ్’ అంటే ఇంటి ఆవరణ, మన మాటలో వాకిలి. పేరులోనే నియమం అంతా ఉంది: వీధి వెడల్పంతా నడిచేవాళ్లదీ ఆడుకునే పిల్లలదీ, బండి నడక వేగంతో రావాలి, గుర్తు వేసిన చోట తప్ప నిలపకూడదు. నడిచేవాళ్లు కూడా కావాలని అడ్డం నిలబడకూడదు. జర్మనీ 1980లో ఇలాంటిదే తెచ్చింది. స్విట్జర్లాండ్ 2002లో, ఫ్రాన్స్ 2008లో గంటకు 20 కి.మీ. పరిమితితో కాస్త రద్దీ వీధులకూ దీన్ని పొడిగించాయి. ఈ నియమాల్లో ఏదీ 50 కి.మీ. వీధిలో అంచు రాయి తీసి ‘కలిసి వాడుకోండి’ అనలేదు.

బ్రిటన్ కొంత అటువైపు జారింది. వీధులు ఎలా కట్టాలో చెప్పే అక్కడి 2007 నాటి ప్రభుత్వ పుస్తకం ‘మాన్యువల్ ఫర్ స్ట్రీట్స్’, చదును వీధులు గంటకు సుమారు 100 బండ్ల లోపు ఉంటేనే బాగా పనిచేస్తాయని రాసింది. తరవాతి ఏళ్లలో అదే రూపాన్ని రద్దీ బజారు వీధులకూ తెచ్చారు. చూపులేనివాళ్ల సంఘాలు ఏళ్ల తరబడి గోల పెట్టాయి. 2018లో ప్రభుత్వం అలాంటి రద్దీ చోట్ల కొత్త చదును పథకాలు ఆపమని చెప్పి, 2011లో తను ఇచ్చిన మార్గదర్శకాన్నే వెనక్కి తీసుకుంది. చిన్న నివాస సందులకు ఈ ఆపుదల వర్తించదని కూడా తరవాత చెప్పింది. ఎత్తిపొడుపుగా ఈ ఉదాహరణ వాడేవాళ్లు ఈ ముక్క వదిలేస్తారు.

వందకీ ఆరువందలకీ మధ్య

ఆ వంద అంకె ఎందుకో ఒక చిన్న లెక్కతో తెలిసిపోతుంది. వీధిలో బండ్లు తిరిగే వెడల్పు 7 మీటర్లనుకోండి. మామూలు మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడని డిజైన్లలో పట్టుకుంటారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దమనిషి 0.8 మీటర్లు. ఆయనకు దాటడానికి దాదాపు 9 సెకన్లు కావాలి.

గంటకు 100 బండ్లంటే సగటున 36 సెకన్లకు ఒకటి. అవి ఏ వరసా లేకుండా వస్తాయనుకుంటే, ఆయన అంచుకు చేరిన క్షణంలో ముందు 9 సెకన్లు ఖాళీగా ఉండే అవకాశం నూటికి 78. అంటే ఎవరి దయా అక్కర్లేకుండా దాటగలడు. గంటకు 600 బండ్లయితే అదే అవకాశం 22కి పడిపోతుంది. 1000 అయితే 8. ఇక ఆయన దాటడం పూర్తిగా డ్రైవరు చేతిలోకి పోతుంది. బండ్లు వచ్చే వైపు ఎక్కడో సిగ్నల్ ఉంటే బండ్లు గుంపులుగా వచ్చి మధ్యలో ఖాళీలు దొరుకుతాయి నిజమే, కానీ ఆ గుంపు వచ్చే ముందు పరుగెత్తాల్సిందే.

ఒక అలవాటు కూడా ఇక్కడే మారుతుంది. బండ్లు పలచగా ఉన్నంతసేపు జనం వీధి మధ్య నడుస్తారు. వాళ్లను చూసి వచ్చే బండి నెమ్మదిస్తుంది. బండ్లు చిక్కబడగానే జనం గోడల వారకు సర్దుకుంటారు. మధ్య ఖాళీ అయ్యేసరికి వేగం పెరుగుతుంది, వేగం పెరిగేసరికి ఇంకాస్త వారకు జరుగుతారు. కొన్ని వారాల్లో అంచు రాయి లేని మామూలు రోడ్డు తయారు.

కాబట్టి మొదటి పని బండ్లు తగ్గించడం. ‘ఇతరులకు ప్రవేశం లేదు’ అన్న బోర్డుతో ఇది జరగదు. దగ్గరదారి దొరకకుండా చెయ్యాలి. గ్రోనింగెన్ 1977లో ఊరి నడిబొడ్డును నాలుగు ముక్కలు చేసి, ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకు కారు నేరుగా పోకుండా కట్టేసింది. చుట్టు రోడ్డు ఎక్కి తిరిగి రావాలి. నడిచేవాళ్లూ సైకిళ్లూ నేరుగా పోతారు. బార్సిలోనా సూపర్‌బ్లాకులది కూడా ఇదే సూత్రం: మూడేసి వరసల్లో తొమ్మిది బ్లాకులు, సుమారు 400 మీటర్ల చదరం, లోపలికి వచ్చిన బండి వచ్చిన వైపుకే బయటపడుతుంది.

దారి మూసే అడ్డు ఎక్కడ పెట్టాలన్నదే ఇందులో నేర్పు. వీధి చివర అడ్డంగా గుంజలు పాతితే సందు మూసుకుపోతుంది. చెత్త లారీ లోపలికి వచ్చి, తిరగడానికి చోటు లేక, వెనక్కి నడుపుకుంటూ పోతుంది. పిల్లలు తిరిగే వీధిలో లారీ రివర్సుకు మించిన ప్రమాదం లేదు. దానికి బదులు నాలుగు వీధుల కూడలిలో గుంజల వరసను మూలనుంచి మూలకు ఏటవాలుగా పెట్టండి. ప్రతి బండీ మలుపు తిరిగి ముందుకే పోతుంది, అడ్డంగా దాటిపోవడం మాత్రం కుదరదు. గుంజల్లో ఒకటి తాళం తీస్తే పడుకునేదై ఉండాలి. ఫైరింజను నిలబడి పనిచెయ్యడానికి 3.7 మీటర్ల వెడల్పు కావాలి. కొద్ది దూరం దూరి పోవడానికైతే 2.75 మీటర్లతో సరిపెట్టుకుంటుంది. గుంజల మధ్య 1.2 నుంచి 1.5 మీటర్ల సందు ఉంటే చక్రాల కుర్చీ పడుతుంది, కారు పట్టదు. ఎత్తు మీటరు దాకా ఉండాలి. మోకాలెత్తు గుంజ వెనక్కి వచ్చే డ్రైవరుకు కనపడదు, చూపు మందగించినవాడి మోకాలికి మాత్రం కచ్చితంగా దొరుకుతుంది.

‘ఈ వీధిలో ఆపితే పక్క వీధిలో పడతాయి కదా’ అంటారు. పడతాయి. ఈ అభ్యంతరాన్ని కొట్టిపారేసేవాళ్లు ఎప్పుడూ పక్క వీధిలో ఉండరు. అందుకే ఒక్క వీధిని పట్టుకోకూడదు. నాలుగు పెద్ద రోడ్ల మధ్య ఉన్న వీధులన్నిటినీ ఒక గూడుగా తీసుకుని ఒకేసారి చెయ్యాలి. చుట్టూ ఉన్న పెద్ద రోడ్డు మీద దాటే చోట్లకు కూడా అదే డబ్బులో వాటా పెట్టాలి.

వేగం బోర్డు మీద ఉండదు

30 అంకె రాసి పెట్టినంత మాత్రాన 30లో నడపరు. దారి ఎంత వెడల్పుగా, ఎంత తిన్నగా కనిపిస్తే అంత తొక్కుతారు. ఈ కొద్ది తేడాకు ఇంత రభస ఎందుకు అనేవాళ్ల కోసం ఇంకో లెక్క.

పిల్లాడు ఆగి ఉన్న బండి చాటునుంచి బయటికి వచ్చాడు. డ్రైవరు చూసి బ్రేకు మీద కాలు పెట్టడానికి ఒక సెకను, పొడి రోడ్డు, మంచి బ్రేకులు అనుకుందాం. 20 కి.మీ. వేగంలో కారు దాదాపు 8 మీటర్లలో ఆగుతుంది. 30లో 13 మీటర్ల పైచిలుకు. ఇప్పుడు పిల్లాడు సరిగ్గా ఆ 13 మీటర్ల దూరంలోనే ఉన్నాడనుకోండి. 30లో వచ్చిన కారు కాళ్ల దగ్గర ఆగింది. 40లో వచ్చింది అప్పుడే బ్రేకు పట్టడం మొదలుపెట్టింది, దాదాపు 35 వేగంతో గుద్దింది. 50లో వచ్చినవాడి కాలు బ్రేకు దాకా చేరనే లేదు, పూర్తి 50తో గుద్దాడు. ఒకే డ్రైవరు, ఒకే కారు, ఒకే జాగ్రత్త. సెకను అన్నది కూడా ఉదారంగా ఇచ్చిందే. చాలామందికి ఒకటిన్నర పడుతుంది.

వేగం తగ్గించడం అనగానే స్పీడు బ్రేకరు వేస్తారు. చేతికొచ్చినట్టు వేసిన పొట్టి దిమ్మె, అంటే అడుగు వెడల్పు, అరచేయంత ఎత్తు ఉన్నది, అనుకున్నదానికి తిరగబడుతుంది. బ్రిటన్ రవాణా పరిశోధనశాలలో వాట్స్ అనే ఇంజినీరు 1970ల మొదట్లో దీన్ని కొలిచి చూశాడు. పొట్టి దిమ్మె మీద వేగంగా పోతే స్ప్రింగులే కుదుపు మింగేస్తాయి, మెల్లగా పోయినవాడికే నడుం విరుగుతుంది. ఆయన తేల్చిన ఆకారం 3.7 మీటర్ల పొడవు, 100 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న పలచటి విల్లు వంపు. దాని మీద వేగం పెరిగే కొద్దీ కుదుపు పెరుగుతుంది, మెల్లగా పోతే తెలియనే తెలియదు.

కలిసి వాడుకునే వీధికి అంతకన్నా మంచిది బల్లలాంటి ఎత్తు. దాటే చోటంతా 75 నుంచి 100 మిల్లీమీటర్లు పైకి లేపి, ఫుట్‌పాత్ మట్టానికి తెస్తారు. మనిషి దిగి ఎక్కడు, బండే ఎక్కి దిగుతుంది. ర్యాంపు 100 మిల్లీమీటర్లకు మీటరు నుంచి మీటరున్నర పొడవు. బస్సులు తిరిగితే ఇంకాస్త సాగదియ్యాలి, పైన చదును భాగం కనీసం 6 మీటర్లు ఉండాలి. లేకపోతే ముందు చక్రం దిగుతుండగా వెనక చక్రం ఎక్కుతుంది. నిలబడ్డ ప్రయాణికుల గతి చెప్పక్కర్లేదు. ఇక్కడ తప్పకుండా మరిచిపోయేది నీళ్లు. బల్ల రెండు అంచులా మూసి ఉంటే వాన నీటికి ఆనకట్ట అవుతుంది. ఎత్తు మొదలయ్యే చోట పై వైపున జాలీ పెట్టాలి. అది లేక మొదటి వానకే మోకాల్లోతు నిలిస్తే, జనమే గునపాలతో బల్ల పగలగొట్టమంటారు.

అంబులెన్సుల కోసం దిండ్లలాంటి చిన్న ఎత్తులు వేస్తారు, పెద్ద బండి చక్రాలు రెండు పక్కలా దిగి పోతాయి. ఆలోచన మంచిదే, కానీ మోటారు సైకిల్ సందులోంచి తాకకుండా దూసుకుపోతుంది. ద్విచక్ర వాహనాలు ఎక్కువున్న చోట వీటి మీద ఆశ పెట్టుకోకూడదు.

నిజానికి నాకు ఎత్తులకన్నా వంకరలు ఇష్టం. నేరుగా కనిపించే దారి 50 మీటర్లకు మించకుండా చెట్టుతోనో, పార్కింగు వైపు మార్చడంతోనో దారిని ఒక బండి వెడల్పు మేర పక్కకు జరపాలి. అర అడుగు జరిపితే డ్రైవరు రెండు వంపుల మధ్య తిన్నగా గీత గీసుకుని పోతాడు. వెడల్పులో ఒక మోసం ఉంది: 3.2 నుంచి 3.9 మీటర్ల వరస సైకిళ్లకు చెడ్డది. కారు పట్టీపట్టనట్టుండి సైకిలును రాసుకుంటూ దాటుతుంది. 3 మీటర్లు ఉంటే దాటే ఆశే పుట్టదు, వెనకే వస్తుంది. ‘ఇంకాస్త వెడల్పు ఇద్దాం, పాపం’ అన్న మొహమాటంతో 3.5 ఇస్తారు, అదే తప్పు.

ఇక మూలలు. వీధి మలుపులో అంచు రాయి ఎంత విశాలంగా తిరిగితే బండి అంత వేగంగా తిరుగుతుంది. ఓ మోస్తరు లెక్కలో 10 మీటర్ల వ్యాసార్థం ఉంటే 20 కి.మీ. దగ్గర, 3 మీటర్లుంటే 10 దగ్గర. ఎక్కడ ఎంత తగ్గించాలో తెలుసుకోవడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. చాలా రోజులు ఊడవని కూడలిని చూడండి. బండి చక్రాలు పోయే మేర నున్నగా, నల్లగా ఉంటుంది. పోని చోట దుమ్మూ ఎండుటాకులూ ముక్కోణంగా పేరుకుని ఉంటాయి. చలి దేశాల్లో మంచు ఇదే పని చేస్తుంది. ఆ దుమ్ము ముక్కోణం ఏ బండికీ అక్కర్లేని జాగా. సుద్దతో దాని అంచు గీసి, కొన్ని వారాలు కోన్లు పెట్టి చూసి, అప్పుడు కాంక్రీటు పొయ్యండి.

లారీ తిరగాలి కదా అంటే, మూలలో 30, 40 మిల్లీమీటర్లు ఎత్తున్న గరుకు రాతి మెట్టు ఇవ్వొచ్చు. కారు దాన్ని ఎక్కదు, లారీ వెనక చక్రం ఎక్కుతుంది. కానీ అది ఫుట్‌పాత్‌లా కనిపిస్తే జనం దాని మీద నిలబడతారు. రంగూ రాయీ రోడ్డువిగా ఉండాలి. చూపు లేనివాళ్లకు ‘ఆగు’ అని చెప్పే చుక్కల టైల్సు దాని వెనక పెట్టాలి, దాని మీద ఎన్నడూ పెట్టకూడదు.

తెల్ల కర్రకు ఏం తగలాలి

కంటితో కంటికి మాట అన్నది చదును వీధుల మూల సూత్రం. పగలు ఎండలో ముందు అద్దం మెరుస్తుంటే లోపలి మనిషి ముఖం పది, పదిహేను మీటర్ల నుంచి ఆనదు. రాత్రి హెడ్‌లైట్ల వెనక అసలు కనపడదు. పిల్లలకు ఆ చూపు చదవడం రాదు. చూపు లేనివాళ్లను ఆ సూత్రం లెక్కలోకే తీసుకోలేదు. వాళ్లు ఇంజను చప్పుడు మీద ఆధారపడితే ఎలక్ట్రిక్ కార్లు వచ్చి అదీ తీసుకుపోయాయి. యూరప్‌లో 2019 నుంచి కొత్త మోడళ్లు 20 కి.మీ. లోపు వేగంలో కృత్రిమ శబ్దం చెయ్యాలని నియమం పెట్టింది అందుకే.

వాళ్లకు అంచు రాయి అంటే గోడ లాంటిది. కర్ర దానికి తగిలితే ‘ఇక్కడితో నా జాగా అయిపోయింది’ అని తెలుస్తుంది. దారి చూపే కుక్కకు నేర్పేదీ అంచు దగ్గర ఆగమనే. ఎంత ఎత్తుంటే నమ్మకంగా తెలుస్తుందని యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో పరీక్షించారు. 60 మిల్లీమీటర్లు అన్నది వచ్చిన జవాబు. 20, 30 మిల్లీమీటర్ల ముద్దు అంచులు చాలామంది కాలికీ కర్రకూ అందకుండా పోయాయి. మరోవైపు చక్రాల కుర్చీ ముందు చిన్న చక్రానికి 6 మిల్లీమీటర్ల మెట్టు కూడా అడ్డే. ఒకరికి కావలసింది ఇంకొకరికి ఆటంకం.

ఈ రెంటికీ మధ్యేమార్గంగా 25 మిల్లీమీటర్లు పెడతారు. ఇద్దరికీ పనికిరాదు. సరైన పని ఇద్దరికీ వేరువేరుగా ఇవ్వడం: వీధి పొడుగునా 60 మిల్లీమీటర్ల అంచు, దాటే చోట్ల పూర్తిగా సమానం, ఆ సమానమైన చోట చుక్కల టైల్సు. చుక్కలు ‘ఆగు’ అంటాయి, పొడుగు గీతలు ‘ఇటు పద’ అంటాయి. జపాన్‌లో సేయిచీ మియాకే 1965లో వీటిని కనిపెట్టాడు, 1967లో ఒకాయామాలో మొదటిసారి పరిచారు. అంత పాత వస్తువు, అయినా ఇప్పటికీ తప్పుగానే వేస్తుంటారు. నేను ముఖ్యంగా చూసే తప్పులు మూడు. ఒకటి, చుక్కల వరస అంచు దాటే దిక్కుకు లంబంగా ఉండదు, మూల వంపు వెంట తిరుగుతుంది. దాన్ని నమ్ముకుని తిన్నగా అడుగేసినవాడు ఎదుటి ఫుట్‌పాత్‌కు బదులు కూడలి నడిమధ్యకు చేరతాడు. రెండు, బూడిద రంగు రాయి మధ్య బూడిద రంగు టైల్సు, అందం చెడకూడదని. చూపు మందగించినవాళ్లలో చాలామందికి రంగు తేడానే ఆధారం. మూడు, గీతల దారి మధ్యలో మ్యాన్‌హోల్ మూత. మూత లోపల అవే టైల్సు పొదిగే రకం దొరుకుతుంది, అది తెప్పించడం ఎవరి పనో ఎవరికీ గుర్తుండదు.

ఇన్ని అంచులూ గీతలూ పెట్టాక కలిసి వాడుకోవడం ఏముంది అని అడగొచ్చు. నన్ను నేను అడుక్కున్న ప్రశ్నే ఇది. గోడల వారగా రెండు పక్కలా 2 మీటర్ల మేర బండి రాని జాగా ఖాయంగా ఉండాలి. కుర్చీలు, సైకిళ్ల స్టాండ్లు, చెట్లు, దీపస్తంభాలు దానికీ బండ్ల దారికీ మధ్య పట్టీలో ఉండాలి, గోడ వారన కాదు. ఆ హామీ ఉన్నవాడు ధైర్యంగా మధ్యకు వస్తాడు. రావాలనుకోనివాడు వారనే పోతాడు. కలిసి వాడుకోవడం ఇష్టం ఉన్నవాళ్ల కోసం, బలవంతం లేదు. గంటకు పది బండ్లు తిరిగే సందులో ఈ పట్టీలేవీ అక్కర్లేదని ఒప్పుకుంటాను. అక్కడ అంచు రాయి నిజంగానే దండగ.

రాయి కింద, రాయి పైన

అంచు రాయి తీస్తే పోయే ఇంకో వస్తువు కాలువ. 150 మిల్లీమీటర్ల అంచు పెద్ద వాన నీటిని కాసేపు రోడ్డు మీదే పట్టి ఉంచుతుంది. చదును వీధిలో ఆ నీళ్లు గడపల్లోకి పోతాయి. అందుకే వీధిని గోడల నుంచి మధ్యకు, మీటరుకు 20, 25 మిల్లీమీటర్ల వాలుతో దించి, నడుమ పలచటి పళ్లెంలాంటి కాలువ ఇస్తారు. జాలీ సందులు ప్రయాణ దిక్కుకు అడ్డంగా ఉండాలి, వెడల్పు 13 మిల్లీమీటర్లు దాటకూడదు. పొడుగ్గా పెడితే సైకిలు చక్రమూ కర్ర మొనా రెండూ ఇరుక్కుంటాయి.

పేవర్ బ్లాకులు నడకకు 60 మిల్లీమీటర్ల మందం చాలు, లారీ ఎక్కే చోట 80 కావాలి. కింద ఇసుక పరుపు 30 మిల్లీమీటర్లు. ఎగుడుదిగుడును ఇసుకతో సర్దేస్తే, మందం ఎక్కువైన చోట ఏడాదిలో గుంట పడుతుంది. అల్లిక చేపముల్లులా ఉండాలి, తిన్నని వరసల్లో వేస్తే లారీ చక్రం తిరిగిన ప్రతిసారీ వరసంతా ఒక పక్కకు జరుగుతుంది. అందం కోసం తెచ్చే రెండడుగుల పలచటి పలకలు చక్రాల కింద నిలవవు, మధ్యలో విరుగుతాయి. ఇక పైపుల వాళ్లు తవ్విన చోట మట్టిని ఒక్కసారిగా నింపి పైన దిమ్మిస కొడితే కింద గుల్లగానే ఉంటుంది. 150, 200 మిల్లీమీటర్లకు ఒక పొర చొప్పున కొట్టాలి. చదును వీధిలో చిన్న గుంట కూడా చక్రాల కుర్చీ దారిలోనే పడుతుంది.

దాటే చోటుకు పది మీటర్ల లోపు బండి నిలపకూడదని గీత గీస్తే సాయంత్రానికి అక్కడే నిలుపుతారు. ఆ జాగాలో సైకిలు స్టాండు బిగిస్తే నిలపరు. స్టాండు వెనక మనిషి కనిపిస్తాడు, వ్యాను వెనక కనిపించడు. సరుకు దించే చోటు ముందే కేటాయించకపోతే లారీ ఆ 2 మీటర్ల నడక జాగాలోకే ఎక్కుతుంది. దీపం నెత్తి మీద పెడితే దాటే మనిషి నల్లని నీడలా ఉంటాడు. బండి వచ్చే వైపున, దాటే చోటుకు కాస్త ముందుగా పెడితే వెలుగు మనిషి మీద బండివాడికి కనిపించే వైపున పడుతుంది. రెండు వైపులా బండ్లు తిరిగితే రెండు దీపాలు.

ఎవరు రావడం మానేశారు

పని పూర్తయ్యాక ‘ఏడాదిలో ఒక్క ప్రమాదమూ లేదు’ అని ప్రకటన వస్తుంది. ఒక చిన్న వీధిలో ఏడాదికి జరిగేవే ఒకటో రెండో. పైగా ప్రమాదాలు ఎక్కువైన ఏడాది చూసే ఆ వీధిని ఎంచుకుని ఉంటారు కాబట్టి, ఏమీ చెయ్యకపోయినా మరుసటి ఏడాది తగ్గేవే. ఆ అంకె మీద నాకు నమ్మకం లేదు.

వేగం కొలవడం తేలిక. రద్దీ లేని వేళ, ముందు అడ్డు లేని బండ్లను 200 దాకా రాడార్‌తో కొలిచి, నూటికి 85 బండ్లు ఏ వేగం లోపు ఉన్నాయో చూడాలి. సగటు చూస్తే మోసపోతాం, గుద్దేది సగటు బండి కాదు. కెమెరా పెట్టి, మనిషి దాటిన చోటుకు తరవాతి బండి ఎన్ని సెకన్లకు చేరిందో లెక్కించవచ్చు. ఒకటిన్నర సెకన్ల లోపువి తృటిలో తప్పినవి. ప్రమాదాలు ఏడాదికి రెండుంటే ఇవి వారానికి పదులు దొరుకుతాయి, తేడా తెలుస్తుంది.

నేను మొదట అడిగే పట్టిక మాత్రం వేరు. ఉదయం, మధ్యాహ్నం, చీకటి పడ్డాక గంటేసి చొప్పున నిలబడి, దాటినవాళ్లలో తోడు లేని పిల్లలెందరు, చేతికర్రవాళ్లెందరు, తెల్ల కర్రవాళ్లెందరు, చక్రాల కుర్చీలెన్ని అని రాసుకున్న పట్టిక. అంచు దాకా వచ్చి, అటూ ఇటూ చూసి, దాటకుండా వెనుదిరిగినవాళ్లకు అందులో ఒక గడి ఉండాలి. వీధి మార్చిన ఆరు నెలలకు, వారంలో అదే రోజున, అదే వేళకు మళ్లీ నిలబడి రాయాలి. చాలా పథకాల్లో రెండో పట్టిక ఉంటుంది, పోల్చడానికి మొదటిది ఉండదు. తవ్వకం మొదలైన రోజుకు ఎవరికీ గుర్తు రాదు, ఆ తరవాత పాత వీధి దొరకదు.